పూడ్చి వచ్చాను

ఆగస్టు చివర, బార్లీ కోతలయ్యాక
కొయ్యకాళ్ల చేలోకి దిగుతాను.
లింకన్‌షైర్‌లో ఈ మూల నేల రొట్టెల పీటలా చదును,
దాక్కోవడానికి చోటుండదు
మట్టి కింద తప్ప.

ముప్పై ఒక్కేళ్లు బఠానీ డబ్బాల ఫ్యాక్టరీకి
ఎడమ చెవి అమ్ముకున్నాను.
మిగిలిన చెవితో భూమిని వింటాను.
మెటల్ డిటెక్టరు అంటే ఏమంత లేదు,
కర్ర చివర ఒక చక్రం, తలకి హెడ్‌ఫోన్స్,
గడ్డి కోస్తున్నట్టు అటూ ఇటూ ఊపుతూ
పెళ్ళికి ఆలస్యమైనా సరే, నెమ్మదిగా నడవాలి.

ఇనుము గురక పెడుతుంది.
వెండి, నిద్రలో ఉలిక్కిపడ్డ పసిబిడ్డ,
ఒక్క కూత కూసి ఊరుకుంటుంది.
బంగారం దగ్గరే తంటా.
దానికీ బీరు డబ్బా మూతకొక్కేనికీ
ఎవరిచ్చారో గానీ ఒకటే గొంతు.
అందుకని అన్నీ తవ్వాలి.

ఇంటికి తెచ్చేవి ట్రాక్టరు నట్లు, తూటా తొడుగులు,
ఎవరికీ తగలకుండానే నేలపడ్డ సీసపు గుండు.
ఒక్కసారి మాత్రం గోరంత వెండి నాణెం,
చేప పొలుసంత పలచన, మీద అరిగిపోయిన రాజు.
"దీంతో రొట్టె వస్తుందా?" అంది ఐవీ.
ఒకప్పుడు వచ్చేదన్నాను.

చేను థర్జా కాబ్‌ది.
అనుమతి అడగబోయిన రోజు
గుమ్మంలోనే నిలబెట్టి, నా బూట్ల వంక చూస్తూ చెప్పింది:
"గేటు మూసెయ్యి. గుంటలు పూడ్చు.
దొరికినదాంట్లో సగం నాది."
తలుపు వేయబోయి మళ్ళీ తెరిచి, గొంతు తగ్గించి,
"ఓ ఉంగరం ఉంటుంది ఎక్కడో.
డెబ్బై ఆరు ఎండల్లో విసిరేశాను.
నేల బీటలిచ్చి ఉంది, మింగేసింది.
దొరికితే నాకు చెప్పకు.
ఉన్నచోటే ఉండనీ."

ఎందుకని అడగలేదు.
పక్క గదిలో ఆమె మొగుడు
టీవీలో గుర్రప్పందేలు చూస్తూ దగ్గుతున్నాడు.

ఆరేళ్లు.
ఆ గొంతు పలికినప్పుడల్లా మోకాళ్ల మీద కూలబడి
బీరు మూత కావాలి, బీరు మూత కావాలి అనుకుంటూ తవ్వాను.
ఐవీకి చెప్తే నవ్వేది.
చెప్పలేదు.

మొన్న మంగళవారం
కరెంటు స్తంభానికీ కాలవగట్టుకీ నడుమ,
తీతువులు లేచి నెత్తిమీద అరుస్తుంటే
జానెడు లోతున
నల్లమట్టి పెళ్ళ విరిస్తే సన్నగా పసుపు గీత.

బంగారానికి తుప్పు పట్టదు.
నిన్న సాయంత్రమే విసిరినట్టుంది,
కోపం కూడా తడారనట్టు.
నా చిటికెనవేలి కణుపు దాటలేదు.
లోపలివైపు ఏవో అక్షరాలు.
కళ్ళజోడు చొక్కా జేబులోనే ఉంది.
తీయలేదు.

ఒక బెడ్డ, దాని మీద ఇంకో బెడ్డ.
బూటుతో అదిమి
చుట్టూ కొయ్యకాళ్లు సర్దాను
అటు మనిషి రానట్టు.
తీతువులు చూశాయి, చూడనీ.

వంటింటి బల్ల మీద ఆ రోజు సంపాదన పరిచాను:
ఇత్తడి బకిల్, రెండు గుండీలు,
బొమ్మ ట్రాక్టరు చక్రం ఒకటి.
ఆమె వాటిని వేలితో కదిపింది.
ఆ వేలికి కణుపు దగ్గర
ఉంగరం మచ్చ కూడా లేదు ఇప్పుడు.
గుర్రప్పందేల కుర్చీ ఖాళీ అయి రెండు చలికాలాలు.

"ఇంతేనా హెడ్లీ?"
"ఇంతే."

టీ పోసింది. కిటికీ దగ్గరికెళ్ళి
చాలాసేపు చేను వైపు నిలబడి
వీపుతోనే అడిగింది:
"లోతుగానే ఉందా?"

నా ఎడమ చెవి అటువైపు ఉంది.
వినపడనట్టు
బిస్కెట్టు టీలో ముంచాను.
సగం విరిగి
అడుక్కి దిగింది.